ఫొటో భాయ్‌కి ఒక కుర్సీ



మా మొహల్లా మసీదులో ఆఖరి సఫ్ చివర, గోడ వారన ఐదు కుర్సీలు ఉంటాయి. నాలుగింటి మీద బుజుర్గులు కూచుంటారు, అందరూ డెబ్బై దాటినవాళ్లే. ఐదోది నాది. నాకు నలభై నాలుగేళ్లు. మొదట్లో ఒకరోజు జొహర్ అయ్యాక ఒక చాచా నన్ను పక్కకు పిలిచి, "ఏమప్పా, బాగానే నడుస్తాండావే, నీకెందుకు కుర్సీ?" అని అడిగాడు. సజ్దాలోకి పోతే మళ్లీ లేవలేను చాచా అన్నాను. "ఏం, బండి మీంచి పడినావా?" లేదు చాచా, ఫొటోలు తీసి తీసి ఇట్లా అయింది అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. మజాక్ చేస్తున్నాననుకున్నాడు.

ఆ నవ్వు గురించే ఈ నాలుగు మాటలు.

ఇరవై రెండేళ్లుగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య షాదీలు తీస్తున్నాను. నికాలు, వలీమాలు, అఖీఖాలు, హిందూ సోదరుల పెళ్లిళ్లు, దసరా వస్తే ప్రొద్దుటూరు తొట్టిమెరవణి. ఎమ్మారై తీసి డాక్టర్ చెప్పింది ఏమంటే, నడుములో నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్య డిస్క్ బయటికి వచ్చి నరాన్ని నొక్కుతోంది అని. కుడి కంధా సగం పైకే లేస్తుంది. ఈద్‌కు కుర్తా కుట్టించడానికి పోతే దర్జీ టేపు పట్టి, "భాయ్, నీ కుడి భుజం ఎడమ దానికన్నా కిందికి ఉంది, తెలుసా?" అన్నాడు. నా జిస్మ్ సంగతి నాకన్నా ముందు దర్జీకి తెలిసింది!

"బటన్ నొక్కడమే గదా, అందులో మెహనత్ ఏముంది?" ఈ మాట విననివాడు మా పనిలో లేడు. చూడండి, లెక్క చెబుతాను. నేను ఎక్కువ కాలం వాడిన కెనాన్ ఫైవ్‌డీ మార్క్ త్రీ బ్యాటరీతో కలిపి 950 గ్రాములు. దానికి తగిలించే 70-200 లెన్సు దగ్గర దగ్గర కిలోన్నర. పైన ఫ్లాష్ ఇంకో అర కిలో. మొత్తం మూడు కిలోలు. మూడు కిలోల బియ్యం సంచీ బజారు నుంచి ఎవరైనా తెస్తారు, నిజమే. కానీ ఆ సంచీని మొహానికి ఎదురుగా, మోచేతులు గాల్లో పెట్టి, ఊపిరి బిగబట్టి, కదలకుండా పట్టుకోండి. ఒక్క ఐదు నిమిషాలు. అదే పని పొద్దున దుల్హాకు సెహ్రా కట్టేటప్పటి నుంచి రాత్రి దుల్హన్ రుక్సతీ దాకా చేయండి. బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే భుజం మీద, నడుము మీద అంత ఎక్కువ భారం పడుతుంది. చేదబావి నుంచి నీళ్లు తోడిన మన అమ్మమ్మలకు తెలిసిన సంగతే ఇది. మెడకు తల బరువే దాదాపు ఐదు కిలోలు. దాన్ని వంచి రోజంతా చిన్న స్క్రీన్‌లోకి చూస్తాం.

పైగా మేము వెనక్కి నడిచే మనుషులం. బరాత్ ముందుకు వస్తుంది, మేము దానికి ఎదురుగా నిలబడి వెనక్కి పోతాం. వెనక కాలవ ఉందా, జనరేటర్ వైరు ఉందా, పిల్లోడు పటాకీ అంటించాడా, ఏదీ కనబడదు. ఒక కన్ను కెమెరాలో, ఇంకో కన్ను మూసి. తొట్టిమెరవణి రాత్రి ఆ జనంలో అట్లా తెల్లవార్లూ నడుస్తాం. ప్రొద్దుటూరులో నాతోటి ఫొటోగ్రాఫర్లలో మడమ బెణకనివాడిని నేను చూడలేదు.

నా ఉస్తాద్ తరం తక్లీఫ్ వేరు. నేను చేరేనాటికి రీలు కాలం ఆఖరి రోజులు. డార్క్‌రూమ్‌లో డెవలపర్, హైపో ట్రేల్లో వట్టి చేతులు పెట్టేవాళ్లు. డెవలపర్‌లో ఉండే మెటాల్ పడనివాళ్లకు చర్మం పగిలి పొలుసులు లేస్తుంది. ఉస్తాద్ వజూ చేసుకునేటప్పుడు వేళ్లకు నీళ్లు తగిలితే పళ్లు బిగబట్టేవాడు. చేతికి తొడుగులు వేసుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన మాకు చెప్పలేదు. తర్వాత భుజం మీద పెట్టుకునే పానాసోనిక్ వీడియో కెమెరాలు వచ్చాయి, వాటి వెంట వెయ్యి వాట్ల లైటు. మే నెలలో, కడప జిల్లా ఎండలో, రేకుల షాదీఖానాలో ఆ లైటు పట్టుకుని నిలబడిన కుర్రాడి మొహం ఎట్లా ఉండేదో ఊహించుకోండి.

ఇప్పుడు కెమెరాలు తేలికైనాయి అంటారు. సోనీ ఏ సెవెన్ త్రీ 650 గ్రాములే. కానీ దాన్ని గింబల్ మీద పెట్టి, ఆ గింబల్‌ను ఒంటికి దూరంగా చాపి పట్టుకుని తిరగాలి. లెన్సుతో కలిపి మళ్లీ మూడు కిలోల దగ్గరికే వస్తుంది. తగ్గిన బరువు ఇంకో దారిలో వచ్చి చేరింది, అంతే.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి, సిగ్గుపడితే కుదరదు. నికా నడుస్తుండగా బాత్రూమ్‌కు పోతే ఖుబూల్ హై అన్న క్షణం పోతుంది. అది మళ్లీ రాదు. అందుకని నీళ్లు తాగం. నలభై రెండు డిగ్రీల ఎండలో పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటే కిడ్నీలో రాళ్లు రాక ఏమవుతాయి? నాకు రెండుసార్లు వచ్చాయి.

పులివెందులలో ఒక వలీమాలో నా నడుము పట్టేసింది. స్టేజీ ముందు మోకాళ్ల మీద వంగి చిన్నపిల్లల ఫొటో తీస్తున్నాను, అంతే, లేవలేకపోయాను. కాలులోకి కరెంటు పాకినట్టు నొప్పి. అట్లాగే ఉండిపోయాను. చుట్టూ ఉన్నవాళ్లు లో యాంగిల్ తీస్తున్నానని పోజు ఇచ్చారు. ఒక కుర్రాడు "అరే ఫొటో భాయ్, కైకు బైఠ్ గయే?" అన్నాడు. ఏం చేయాలో తోచక ఆ స్థితిలోనే నాలుగు ఫొటోలు నొక్కాను. బాగా వచ్చాయి, ఆల్బమ్‌లో కూడా వేశారు. చివరికి ఆడవాళ్ల వైపు నుంచి ఒక ఖాలా నా మొహం చూసి, "వాడికి ఏదో అయింది, కుర్సీ వేయండి" అని కేకేసింది. ఇరవై రెండేళ్లలో ఒక ఫంక్షన్‌లో నాకు అడగకుండా కుర్సీ వేయించింది ఆమె ఒక్కతే. అల్లాహ్ ఆమెను సలామత్‌గా ఉంచాలి.

నేను మజ్లూమ్‌ను, మీరంతా జాలిమ్‌లు అని చెప్పడానికి రాయడం లేదు. నా గునా కూడా ఉంది, అది చెప్పకుండా ఈ మాటలు రాసే హక్కు నాకు లేదు.

జమ్మలమడుగులో ఒక నికా. నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లోడికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. పార్టీవాళ్లు ముగ్గురు మనుషులకు పైసలు ఇవ్వమన్నారు, ఇద్దరితోనే కానిమ్మన్నారు. నేను సరేనన్నాను. సీజన్, పక్క స్టూడియోవాడు ఇంకా తక్కువకు ఒప్పుకుంటాడని డర్. టాప్ యాంగిల్ కావాలంటే, వాడిని ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కించాను. ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో లైటు. మూడో మనిషి ఉంటే ఆ స్టూలు పట్టుకునేవాడు. పడ్డాడు. కెమెరా పగలకూడదని దాన్ని ఛాతీకి అదుముకుని, వట్టి చేతి మీద పడ్డాడు. మణికట్టు విరిగింది.

నేను మొదట చూసింది కెమెరాను. ఇది రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తర్వాత వాడి చేతికి రుమాలు కట్టి ఒక మూల కూచోబెట్టి, రుక్సతీ అయ్యేదాకా ఫొటోలు తీశాను. నాలుగు గంటలు. వాడు "పర్వాలేదు ఉస్తాద్, కానివ్వండి" అన్నాడు. ఆ మాట నన్ను పని చేసుకోనిచ్చింది. ఇప్పుడు నిద్ర పోనివ్వదు. మర్నాడు పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాను, ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఎముక అతికింది. వాడు ఇప్పుడు సొంతంగా పని చేస్తున్నాడు, నాకు ఈద్ ముబారక్ చెబుతాడు. కానీ ఆ నాలుగు గంటల హిసాబ్ నేను ఇంకా ఇవ్వాల్సే ఉంది.

మన జిస్మ్‌కు మన మీద హక్కు ఉందని హుజూర్ (స) తన సహాబీ అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర)కు చెప్పిన సంగతి జుమా బయాన్‌లో ఎన్నోసార్లు విన్నాం. ఆయన రాత్రంతా ఇబాదత్, పగలంతా రోజా అంటుంటే ఆపిన సందర్భం అది. ఇబాదత్‌కే హద్దు ఉంటే షాదీ ఆల్బమ్‌కు ఉండదా? తస్వీర్ జాయెజా నాజాయెజా అన్న బహస్ మన ఇళ్లలో ఉంది. ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, నేను అందులో తలదూర్చను. నీ కమాయీ సంగతి ఏంది అని నన్ను నిలదీసిన పెద్దమనిషే మరుసటి నెల తన కూతురి షాదీకి నన్ను పిలిచాడు. పిలవడం తప్పో ఒప్పో ఆయన చూసుకుంటాడు. పిలిచాక మాత్రం నా నడుము ఆయన ఇంట్లో అమానత్.

గండికోట గురించి ఒక మాట. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే కాబట్టి, ఇప్పుడు మూడు ఊళ్ల జంటలూ ప్రీవెడ్డింగ్ అని పెన్నా లోయ అంచుకే పోతున్నారు. నికాకు ముందే ఆ ఫొటోలు మనకు తగవనే నా రాయ్. అయినా రోజీ కోసం పోయాను, దాచను. జంట అంచున నిలబడితే అందరూ వాళ్లకు జాగ్రత్త చెబుతారు. బండల మీద వెనక్కి వెనక్కి జరిగే ఫొటోగ్రాఫర్‌కు ఎవరూ చెప్పరు. కన్ను కెమెరాలో ఉన్నప్పుడు కాలికి అంచు తెలియదు.

2021 జూలై 16న అఫ్ఘనిస్తాన్‌లో స్పిన్ బోల్దక్ దగ్గర డానిష్ సిద్దీఖీ చనిపోయినప్పుడు మనమంతా దువా చేశాం. రోహింగ్యాల బాధ లోకానికి చూపించి, 2018లో రాయిటర్స్ జట్టుతో కలిసి పులిట్జర్ అందుకున్న మనిషి. ఫొటో తీసేవాడి ప్రాణం కూడా ప్రాణమేనని ఆ రోజు తెలిసింది. కానీ అది జంగ్. మాది షాదీ. ఇక్కడ గాయం ఒక్కరోజులో కాదు, ఇరవై ఏళ్లలో అవుతుంది. అందుకే ఎవరికీ కనబడదు. దక్కన్‌లో రాజా దీన్‌దయాళ్‌కు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 'ముసవ్విర్ జంగ్' అని ఖితాబ్ ఇచ్చాడు. గాజు పలకలు, పెద్ద పెద్ద పెట్టె కెమెరాలు మోయించుకుంటూ తిరిగిన కాలం అది. ఆ పెట్టెలు మోసిన కూలీలకు ఏ ఖితాబూ రాలేదు.

మావాళ్లను కూడా అడగాలి. ఏటా ఆగస్టు 19న ఫొటోగ్రఫీ దినోత్సవమని డాగ్యురే పటానికి పూలదండ వేస్తాం, కేక్ కోస్తాం, రక్తదానం చేస్తాం. 1839లో అదే రోజున ఆయన పద్ధతి లోకానికి వెల్లడైంది. ఆ పద్ధతిలో పలక మీద బొమ్మ తేలేది పాదరసం ఆవిరితో. అంటే మా పని పుట్టిన రోజే విషంతో పుట్టింది. ఒక్క ఏడాదైనా ఆ సభకు ఒక ఎముకల డాక్టర్‌నో, ఫిజియోథెరపిస్టునో పిలిచి, బరువు ఎట్లా పట్టుకోవాలో చెప్పించామా? నొప్పి అంటే మర్దానగీ తగ్గుతుందని, నొప్పిబిళ్ల మింగి మరో ఆర్డర్‌కు పోతాం. ఆ బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలకు చేటు. అది వేరే కథ.

సర్కారు బీమా ఉంది కదా అంటారు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. యాక్సిడెంట్‌లో ప్రాణం పోతే రెండు లక్షలు. బీమా విషయంలో మనకున్న ఖదషాలు మీ ఇమామ్‌ను అడిగి తేల్చుకోండి. నేను చెప్పేది ఒకటే, అరిగిపోయిన డిస్క్‌కు అందులో పైసా రాదు. 1923 నాటి పరిహార చట్టం 2025 దాకా ఉండేది గానీ, దానికి యజమాని ఉండాల్సి వచ్చేది. రోజుకొక ఇంట్లో పని చేసే మాకు యజమాని ఎవరు? మసీదు బైతుల్ మాల్ నుంచి ఇట్లాంటి కారీగర్లకు వైద్యానికి ఖర్జె హసనా ఇవ్వవచ్చని కమిటీవాళ్లకు చెప్పాను. "నువ్వు కెమెరా ఉన్నోడివి, నీకెందుకు?" అన్నారు. కెమెరా ఉంది, దాన్ని ఎత్తే చెయ్యి లేదు.

మా పెద్దోడు ఇంటర్ అయ్యాక ఈ పనిలోకే వస్తానంటున్నాడు. వద్దనలేదు. రెండు భుజాలకూ బరువు పంచే పట్టీ కొనిచ్చాను. రాత్రి ఫంక్షన్ అయ్యాక పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా బండి మీద రావద్దని, అక్కడే పడుకుని ఫజర్ అయ్యాక బయల్దేరమని ఖసమ్ వేయించాను. ఆ రోడ్డు మీద కునుకుపాట్లు పడుతూ వచ్చిన రాత్రులు నాకు ఎన్నో ఉన్నాయి.

ఈ ఏడాది నుంచి నా ఒప్పంద కాగితం మీద నాలుగు మాటలు చేర్చాను. ముగ్గురు మనుషులు. స్టూలు ఎక్కడం లేదు. భోజనానికి అరగంట, ఆ అరగంటలో మామూ వచ్చినా ఖాలూ వచ్చినా పిలవకూడదు. స్టేజీ పక్కన ఒక కుర్సీ. దీనివల్ల రెండు ఆర్డర్లు పోయాయి. పోయిన వారం ఒక పెద్దాయన కూతురి నికాకు మాట్లాడడానికి వచ్చి, కాగితం మొత్తం చదివి, "కుర్సీ కూడా రాసుకున్నావా భాయ్?" అని నవ్వాడు.

"రాసుకున్నాను జనాబ్" అన్నాను.

సంతకం పెట్టి అడ్వాన్స్ ఇచ్చాడు. షవ్వాల్‌లో నికా. కుర్సీ సంగతి ఆ రోజు చూడాలి.