మూసుకున్న గగనతలం, పెరిగిన దూరం

ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు సరళమార్గంలో దూరం సుమారు 1,260 కిలోమీటర్లు. అదే ఢిల్లీ నుంచి ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌కు దాదాపు 1,580 కిలోమీటర్లు. తేడా 320 కిలోమీటర్లే. అయినా 2025 ఏప్రిల్ నెలాఖరులో ఇండిగో సంస్థ ఢిల్లీ-తాష్కెంట్ సర్వీసును నిలిపివేసింది. కజక్‌స్తాన్‌లోని అల్మాటీ సర్వీసునూ ఆపింది. ఈ రెండు నగరాలూ తన వద్దనున్న విమానాలకు అందనంత దూరమయ్యాయని ప్రకటించింది.

పహల్గాంలో ఏప్రిల్ 22న జరిగిన ఉగ్రదాడి అనంతరం రెండు రోజులకు పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా అదే చర్య తీసుకుంది. ఆపై ఇరు దేశాలూ ఆంక్షలను నెలనెలా పొడిగిస్తూ వచ్చాయి.

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని భూగోళంపై అతి దగ్గరి మార్గాన్ని బట్టి లెక్కిస్తారు. ప్రయాణ కాలం మాత్రం గాలుల దిశపైనా, దారిలోని దేశాల అనుమతిపైనా ఆధారపడి ఉంటుంది. ప్రతి దేశానికీ తన గగనతలంపై సంపూర్ణ సార్వభౌమాధికారం ఉంటుందని 1944 నాటి షికాగో ఒప్పందం గుర్తించింది.

పాకిస్తాన్ మార్గం మూతపడితే ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే విమానం నైరుతి దిశగా సాగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాలి. అదనపు దూరానికి అదనపు ఇంధనం కావాలి. ఆ ఇంధనపు బరువును మోయడానికి మరికొంత ఇంధనం ఖర్చవుతుంది. ఫలితంగా ప్రయాణికులనో, సరుకునో తగ్గించుకోవలసి వస్తుంది. సిబ్బంది పనిగంటల పరిమితి మరో చిక్కు. అందుకే ఎయిర్ ఇండియా ఉత్తర అమెరికా సర్వీసులు కొన్ని ఇంధనం కోసం వియన్నా, కోపెన్‌హాగెన్‌లలో ఆగవలసి వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ సంస్థ ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసునే నిలిపివేసింది. ఆధునికీకరణ పనుల వల్ల విమానాల కొరత ఏర్పడడం, గగనతలం మూసివేత ఇందుకు కారణాలని తెలిపింది. ఢిల్లీలో విమానం మారి అమెరికా వెళ్లే తెలుగు ప్రయాణికులకు దీంతో ఒక దారి తగ్గింది.

ఈ నష్టం కొత్తది కాదు. 2019లో దాదాపు ఐదు నెలలు సాగిన మూసివేత వల్ల ఎయిర్ ఇండియా ఒక్కటే జులై 2 నాటికి 491 కోట్ల రూపాయలు నష్టపోయిందని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. గగనతలం వాడుక రుసుములు కోల్పోయిన పాకిస్తాన్‌కూ నష్టం తప్పలేదు. 2025 జూన్ నెలాఖరు వరకు సుమారు 410 కోట్ల పాకిస్తానీ రూపాయల ఆదాయం తగ్గిందని అక్కడి రక్షణ శాఖ వెల్లడించింది. అయితే భారత్ మీదుగా ఎగిరే పాకిస్తానీ విమానాలు బహు తక్కువ. పైగా నిషేధం వర్తించని విదేశీ సంస్థలు దగ్గరి మార్గంలోనే వెళ్లగలవు. కనుక పోటీలో వెనుకబడేది భారతీయ సంస్థలే.

ఆరేళ్లలో రెండుసార్లు ఎదురైన ఈ పరిస్థితిని తాత్కాలిక అవాంతరంగా భావించడానికి వీల్లేదు. ఎక్కువ దూరం ఎగరగల విమానాలను సమకూర్చుకోవడం ఒక మార్గం. ముంబయి, హైదరాబాద్, బెంగళూరుల నుంచి పడమటికి వెళ్లే విమానాలకు ఢిల్లీతో పోలిస్తే చుట్టుదారి భారం తక్కువ. అంతర్జాతీయ సర్వీసులను ఈ నగరాలకు విస్తరించడం మరో మార్గం. మారిన ప్రయాణ కాలాన్ని, మధ్యలో ఆగే చోటును ప్రయాణికులకు ముందుగానే తెలియజేయాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2025 ఏప్రిల్‌లోనే సంస్థలకు సూచించింది. టికెట్ కొనే సమయానికే ఆ సమాచారం అందితేనే ఆ సూచనకు ప్రయోజనం ఉంటుంది.