నకలు ఇల్లు దాటాలి

కరువు సీమ అని పేరే గానీ, కర్నూలు నీట మునిగిన రోజుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి నగరం మీద పడ్డాయి. లోతట్టు వీధుల్లో జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కింది గదుల్లో వదిలేసినవి బురదపాలయ్యాయి. పన్నెండేళ్ల తర్వాత, 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అప్పటి కడప జిల్లాలోని రాజంపేట ప్రాంతపు ఊళ్లకూ అదే గతి పట్టింది.

మంచాలు, బీరువాలు ఎలాగో మళ్లీ కొనుక్కోవచ్చు. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, దుకాణం లెక్కలు ఎక్కడ కొంటాం? చాలా ఇళ్లలో అవన్నీ ఉండేది ఒకే కంప్యూటర్‌లో. ఆ కంప్యూటర్ ఉండేది బల్ల కింద, నేల మీద. వాటిని పోగొట్టుకోవడానికి వరదే రానక్కర్లేదు. కరెంటు పోతూ వస్తూ ఉన్నా, దుమ్ము, ఎండవేడి తగిలినా, వయసు మీరినా హార్డ్‌డిస్క్ ఒకనాడు మొరాయిస్తుంది.

అందుకే బ్యాకప్. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి అదే బల్ల సొరుగులో పెడితే సగం పనే అయినట్టు. దొంగ వచ్చినా, నీళ్లొచ్చినా రెండూ కలిసే పోతాయి. ఈ విషయంలో నిపుణులు చెప్పే లెక్క మూడు-రెండు-ఒకటి. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట.

ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలన్నా మూడు ప్రశ్నలు చాలు. మనం మరిచినా తన పని తాను చేసుకుపోతుందా? ఫైలు పాత రూపాలను కూడా దాస్తుందా? కావాల్సినప్పుడు సులువుగా వెనక్కి ఇస్తుందా?

రెండో ప్రశ్న దగ్గరే చాలామంది పొరబడుతుంటారు. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటివి కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కు అద్దంలా పనిచేస్తాయి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. చెత్తబుట్టలో 30 రోజులుండి ఆపై పోతుంది. 2017 మేలో వనాక్రై వైరస్ ప్రపంచమంతటా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అలాంటి వేళ, ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించే ఉన్న డిస్క్‌కూ తాళం పడుతుంది. కాబట్టి పని కాగానే డిస్క్‌ను ఊడదీయాలి.

ఇంట్లో విండోస్ ఉంటే విడిగా కొనక్కర్లేదు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీ, విండోస్ 11లోనూ కంట్రోల్ ప్యానెల్‌లో ఉంది. బయటి డిస్క్ తగిలించి ఉన్నంతసేపూ మారిన ఫైళ్లను గంటకోసారి దాస్తుంది, పాత రూపాలనూ ఉంచుతుంది. ఫొటోలు వేలల్లో ఉన్నవారికి ఫ్రీఫైల్‌సింక్ అనువైనది. ఏది కొత్త, ఏది పాత అని పక్కపక్కనే చూపించి కాపీ చేస్తుంది. దాన్ని ఉచితంగానే వాడుకోవచ్చు. దుకాణం లెక్కల్లాంటివి ఇంటర్నెట్‌లో దాచాలంటే డూప్లికాటి మేలు. ఫైళ్లకు తాళం వేసి మరీ పంపుతుంది. అయితే ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే ఫైళ్లు మనకూ దక్కవు. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. ఇంటర్నెట్ చోటు విషయానికొస్తే గూగుల్ 15 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ ఉచితంగా ఇస్తున్నాయి. సర్టిఫికెట్లకు ఇవి చాలు, పెళ్లి వీడియోలకు చాలవు.

నెట్ నెమ్మదిగా ఉన్న ఊళ్లలో ఇంకో దారి ఉంది. రెండు బయటి డిస్కులు కొని ఒకటి ఇంట్లో, మరొకటి వేరే ఊళ్లోని చుట్టాలింట్లో ఉంచడం. కర్నూలు వారిది కడపలో అక్కయ్య ఇంట్లో, అక్కయ్య వాళ్లది కర్నూలులో. ఉగాదికో, దసరాకో వెళ్లినప్పుడు డిస్కులు మార్చుకుంటే సరి.

కాపీ అయిపోయిందని నిశ్చింతగా కూర్చోకూడదు. సుమారు రెండు వందల ఏళ్ల కిందట కడపలో సి.పి. బ్రౌన్ పండితులను జీతానికి పెట్టుకుని తెలుగు గ్రంథాలకు నకళ్లు రాయించాడు. నకలు రాయించి ఊరుకోలేదు. ఒకే గ్రంథానికి పలుచోట్ల దొరికిన ప్రతులను పక్కన పెట్టి సరిచూయించాడు. సరిచూడని నకలును నమ్మలేమని ఆయనకు తెలుసు.

కంప్యూటర్ నకలుకూ అదే వర్తిస్తుంది. నెలకోసారి, ఏ ఆదివారమో, బ్యాకప్‌లోంచి ఒక ఫొటో, ఒక లెక్కల ఫైలు బయటికి తీసి తెరిచి చూడాలి. తెరుచుకుంటే సరే. తెరుచుకోకపోతే అసలు ఫైలు ఇంకా చేతిలో ఉండగానే మరో కాపీ తీసుకోవచ్చు. ఆ పని పిల్లలకు అప్పగిస్తే వాళ్లూ నేర్చుకుంటారు. ముందుగా మాత్రం, నేల మీదున్న ఆ సీపీయూను బల్ల పైకి ఎక్కించాలి.