పేరు చివర ‘రోడ్డు’

రైలుస్టేషను పేరు చివర ‘రోడ్డు’ అని వున్నదంటే, ఊరు ఇక్కడ లేదు, దిగి రోడ్డు పట్టుకోమని అర్థం. మదనపల్లె రోడ్డు అటువంటి స్టేషనే. అది వున్నది చిన్నతిప్పసముద్రంలో. అక్కడినుంచి మదనపల్లె పది పన్నెండు కిలోమీటర్లు. 1890లలో వేసిన ఆ పాకాల–ధర్మవరం మీటరుగేజి, 2010 నాటికి బ్రాడ్‌గేజి అయింది. గేజి మారింది గాని పేరులోని తోక పోలేదు. మా చౌడేపల్లెకు ఆ తోకయినా లేదు. పుంగనూరుకు పోవాలన్నా, మదనపల్లెకు పోవాలన్నా బస్సే గతి.

ఇటువంటి చోట కూర్చుని బులెట్ రైలు కావాలంటే, “మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె” అని నవ్వేవారున్నారు. సామెత మంచిదే గాని ఇక్కడ అతకదు.

జపాను 1961లో ప్రపంచబ్యాంకు దగ్గర ఎనిమిది కోట్ల డాలర్లు అప్పు తీసుకున్నది. 1964 అక్టోబరు 1న టోక్యో–ఒసాకా కొత్త మార్గం ప్రారంభించింది. ఆరున్నర గంటల ప్రయాణం నాలుగు గంటలకూ, మరుసటి ఏడు మూడు గంటల పది నిమిషాలకూ తగ్గింది. అసలు లాభం మరొకటి. పాతమార్గం బండ్లతో కిక్కిరిసి వుండేది. వేగపుబండ్లు కొత్త పట్టాలమీదికి పోగా, పాతవాటి మీద గూడ్సుకూ స్థానికపు బండ్లకూ చోటు దొరికింది.

మన కుప్పం మార్గం సంగతీ అదే. 2022 నవంబరులో మైసూరు–చెన్నై వందేభారత్ ఆ దారినే మొదలయింది. ఒకే పట్టాలమీద అన్నిరకాల బండ్లూ నడిస్తే, వెనక వచ్చే దొరగారి బండికి దారి ఇచ్చి ప్యాసింజరు పక్కలైనులో నిలబడక తప్పదు గదా! ముంబయి–అహమ్మదాబాదు మధ్య 508 కిలోమీటర్ల వేగమార్గానికి 2017లో శంకుస్థాపన జరిగింది. చెన్నై–బెంగళూరు–మైసూరు మార్గం కూడా ప్రతిపాదనలలో వున్నది. అది వస్తే, దానిలో ఎన్నడూ ఎక్కనివారికి కూడా కుప్పంలో మేలు జరుగుతుంది.

అయితే ఒక షరతు. చెరువు నిండినంత మాత్రాన మడి తడవదు, పిల్లకాలువ తవ్వాలి. మదనపల్లె మీదుగా కడప–బెంగళూరు మార్గం 2008–09లో మంజూరయింది. కడప నుంచి పెండ్లిమర్రి దాకా ఇరవై పైచిలుకు కిలోమీటర్ల పట్టాలు పడ్డాయి. తరువాత దారే మార్చాలన్న మాటలు వచ్చాయి. మన టమాటా లారీలనే నమ్ముకున్నది. దారిలో ఒకపూట ఆలస్యమైతే రైతుకు మిగిలేది కూలిఖర్చే. వేలూరు ఆసుపత్రికి పోవలసిన రోగికి రోడ్డే దిక్కు. సాయంత్రం బస్సు రెండుసార్లు తప్పిందని ఆడపిల్లను కాలేజీ మాన్పించే తలిదండ్రులను, పాఠాలు చెప్పుకునే నాబోటివాళ్లు ఎరుగుదురు. ఆ పిల్లకు గంటకు మూడువందల కిలోమీటర్ల వేగం అక్కరలేదు. వేళకు వచ్చే బస్సు చాలు.

ఈసారి ఓట్లడగవచ్చిన వారిని బులెట్ రైలు ఎప్పుడని తప్పక అడగండి. ఆ నోటితోనే, మదనపల్లె ఊళ్లోకి పట్టాలు ఎప్పుడనీ, స్టేషనుకు పోయే బస్సు ఎన్ని గంటలకనీ కూడా అడగండి.