ఎసట్లో పోయకముందే...

బియ్యం కొలిచి గిన్నెలో పోసింది ఇల్లాలు. కడగబోయే ముందు అందులోంచి ఓ గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసింది. రాత్రి వంటకీ అంతే. మిజోరంలో ప్రెస్బిటేరియన్ క్రైస్తవుల ఇళ్లలో వందేళ్లు దాటినా ఆగని అలవాటిది. 'బుఫాయ్ థామ్' అంటారు. అంటే గుప్పెడు బియ్యం! 1910 ప్రాంతంలో ఆడవాళ్లు మొదలుపెట్టారు. ఇంటింటా పోగైన బియ్యాన్ని సంఘం తరఫున సేకరించి అమ్ముతారు. ఆ డబ్బు సువార్త పనికి వెళ్తుంది. గుప్పెడే కదా అనిపిస్తుంది కానీ, ఇప్పుడది ఏటా కోట్ల రూపాయల మాట.

ఈ అలవాటు మొదలైన కొద్దికాలానికే, 1911-12లో ఆ కొండల్లో వెదురు పూసింది. వెదురు పూస్తే ఎలుకలు విపరీతంగా పెరిగి చేలమీద పడతాయి. మిజోలు 'మౌతాం' అని పిలిచే కరవు అలా వచ్చిపడింది. తిండిగింజలకే కటకటలాడిన కాలం. బియ్యం డబ్బా మాత్రం మూలన పడలేదు.

క్రైస్తవులు దీన్ని గృహనిర్వాహకత్వం అంటారు. బైబిల్లో గృహనిర్వాహకుడంటే యజమాని ఇంటి లావాదేవీలు చూసే మనిషి. తాళాలు అతని చేతిలోనే ఉంటాయి, కొట్టు మాత్రం అతనిది కాదు. డబ్బు, పొలం, చదువు, సమయం... అన్నీ దేవుడు అప్పగించినవే, ఎప్పటికైనా లెక్క చెప్పాల్సినవే అన్నది నమ్మకం. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తలాంతుల కథ చాలామందికి తెలిసిందే. ఒక్క తలాంతు అందుకున్నవాడు దాన్నేమీ తగలెయ్యలేదు. భద్రంగా భూమిలో పాతిపెట్టాడు. అయినా చీవాట్లు తప్పలేదు పాపం!

గుప్పెడు బియ్యంలో ఉన్న కిటుకల్లా వండకముందే తీయడం. తిన్నాక మిగిలింది ఎవరైనా పెడతారు. ఎసట్లో పోయకముందు తీయాలంటే మాత్రం ఆ పూట ఇంట్లో ఎందరున్నారో, ఎంత సరిపోతుందో లెక్క చూసుకోవాలి. జీతం రాగానే ముందు ఆ భాగం తీసి కవరులో పెట్టే కుటుంబాలు చేసేదీ ఇదే.

తెలుగునేలకూ ఇది కొత్తకాదు. 1912 డిసెంబరులో దోర్నకల్‌కు తొలి బిషప్ అయ్యారు వి.ఎస్. అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడాయన. తమిళుడు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలికెళ్తే తప్ప పొయ్యి వెలగని దళితులు. విదేశీ సొమ్ము మీద సంఘం ఎల్లకాలం ఆధారపడకూడదని వాళ్లకూ ఇవ్వడం నేర్పారు. ఆ విషయం మీద పుస్తకమే రాశారు. ఇప్పటికీ పల్లెల్లో కోత పండుగ వస్తే ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక వేలంపాట... ఆ సందడే వేరు!

లేనివాళ్ల దగ్గర పుచ్చుకోవడమేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. ఎప్పుడూ చేయి చాచినవాళ్లకి, తామూ ఇవ్వగలమన్న ధీమా చిన్న సంగతేం కాదు. అయితే ఆ మాట చెల్లాలంటే ఇచ్చింది చేరాల్సినచోటికి చేరాలి. కూలి డబ్బుల్లోంచి దశమభాగం తీసిన ఇల్లాలు తన వంతు నమ్మకంగా చేసింది. పుచ్చుకున్నవాళ్లూ గృహనిర్వాహకులే కదా!

యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు చందాలు పోగుచేశాడు. ఆ సొమ్ము విషయంలో తననెవరూ వేలెత్తి చూపకూడదని తీతుతో పాటు, సంఘాలు ఎన్నుకున్న మనిషిని కూడా ఆ పనిలో పెట్టాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో ఉంది ఆ సంగతి.

ఏడాదికోసారి చర్చిలో జమాఖర్చులు చదువుతారు. చాలాచోట్ల ఆ సమయానికి సగం మంది చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. పాస్టరుగారిని లెక్కలు అడగడమేమిటని కొందరికి మొహమాటం. అడిగితే నచ్చని పాస్టర్లూ లేకపోలేదు. ఆ కాసేపూ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వింటే, కానుకల సంచిలో తాము వేసిన పది రూపాయలు ఎటెళ్లాయో వాళ్లకీ తెలుస్తుంది.