చిత్తడినేల పటంలో మనిషి ఏడీ?

చిన్ననాటి నేలను తలుచుకొని గీసిన పటాన్ని విమర్శించరాదట. స్మృతి గనుక అది పవిత్రమట. ప్రకృతి గనుక రాజకీయాలకు అతీతమట! చిత్రకళ గురించి నాలుగు మాటలు రాసేవాళ్ళలో యీ వాదం గట్టిపడుతున్నది. దీన్ని వొప్పుకోవడానికి వీల్లేదు.

సముద్రమెరుగని కామారెడ్డిలో కూర్చున్నవాడికి యీ గొడవ ఎందుకని అడగవచ్చు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, ఎల్లారెడ్డికి పొరుగునే మంజీరను ఆపింది. ఆ కాలువల కింద, బాన్సువాడ, బోధన్ వైపు, వరీ చెరకూ పండించడానికి కృష్ణా గోదావరి డెల్టాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ళ జ్ఞాపకాలూ వెంట వచ్చాయి. ఇవాళ మా వూళ్ళో చాలా ముందుగదుల్లో వొక మడుగు, వొక తాటిదోనె, రెండు కొంగలు, వొక ఎర్రని సాయంత్రం. ఇంటివారు కోస్తావారా, తెలంగాణవారా అన్నదానితో నిమిత్తం లేదు. పటంలో లేనివాడు మాత్రం వొక్కడే, మనిషి.

కొల్లేటినే తీసుకోండి. అది మావులు పెట్టి చేపలు పట్టే వడ్డివాళ్ళ బతుకు. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాల పేర చేపల చెరువులు తవ్వించారు. రానురాను పేరు సంఘాలది, పెట్టుబడి మరొకరిది అయింది. 1999లో అయిదో కాంటూరుదాకా అభయారణ్యమని ప్రకటించారు. 2002లో కొల్లేరు రాంసార్ జాబితాకెక్కింది. 2005-06లో గట్లు పేల్చి చెరువులు కొట్టివేశారు. ఘరానా లీజుదారుడి చెరువూ పోయింది, చిన్నవాడి చెరువూ పోయింది. లీజుదారుడు మళ్ళీ గట్టు వేసుకోగలడు. ఇంత జరిగిన నీటిమీద రెండు కొంగలను నిలబెట్టి "ప్రశాంతత" అని పేరు పెడితే, ఆ ప్రశాంతత ఎవరిదని అడగవద్దా?

పసివాడు లీజులు చూస్తాడా అంటారు. చూడడు. కాని దోనె నడిపినవాణ్ణి చూశాడు, వాడి పిక్కలకు పట్టిన జలగల్ని చూశాడు. పసికంటికి మనిషీ, నీరూ, పిట్టా విడివిడిగా కనిపించవు. దోనెలోంచి మనిషిని దింపివేసింది పసివాడు కాదు, నలభై యేళ్ళ చిత్రకారుడు, కొనేవాడి గోడకోసం. దీనికి స్మృతి అని పేరు పెట్టడం దబాయింపు.

ప్రతి పటంలోనూ ఎర్రజెండా వెతికిన మిత్రులు మనలోనూ వుండేవారు. అది మరో మొద్దుతనం. ప్రకృతి దృశ్యాలు వద్దని ఎవరన్నారు? ఇరవై యెనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయిన దామెర్ల రామారావు ప్రకృతినీ చిత్రించాడు, మనుషులనూ చిత్రించాడు. ఇంకా దగ్గరకు రండి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడా చదువు చదివి వచ్చికూడా తన పల్లెనే గీశాడు; అందులో మేకా, చెట్టూ, మనిషీ వొకే కండ. సిద్దిపేట కాపు రాజయ్యకు పల్లె అంటే పల్లెజనమే. వీళ్ళకు చిన్నతనం లేదా?

నిజాంసాగర్ కింద మునిగిన వూళ్ళున్నాయి. వేసవిలో నీరు వెనక్కి తగ్గితే బురద తేలుతుంది, శిఖంలో దున్నుకొనేవాళ్ళు దిగుతారు. ఎల్లారెడ్డి పిల్లల చిత్తడినేల అదే. వాళ్ళలో కుంచె పట్టినవాడుకూడా డ్రాయింగు కాగితంమీద ముందుగా కొబ్బరిచెట్టే వేస్తున్నాడు.