శాస్త్రమునకు తెలుగు చాలదా?

"శాస్త్రవిషయములను బోధించుటకు తెలుగు చాలదు" అని మన ప్రాంతమున పెక్కుమంది తల్లిదండ్రులు తలంచుచున్నారు. ఆ తలంపుతోడనే కొందరు తమ బిడ్డలను తెలుగు తరగతులనుండి మాన్పించుచున్నారు. నేను తెలుగు ఉపాధ్యాయుడనేగాని శాస్త్రజ్ఞుడను గాను. అయినను ఆధునిక శాస్త్రమునుండి యొక విషయమును మన భాషలో చెప్పిచూచెదను. చాలునో చాలదో చదువరులే నిర్ణయింతురుగాక.

రొట్టెపిండిని పొంగించు ఈస్టు ఏకకణజీవి. ఆ చిన్న కణములో వేలకొలది రకముల ప్రోటీనులు తయారగుచుండును. వానిలో కొన్ని కేంద్రకమునకు, కొన్ని రిక్తికకు, కొన్ని కణము వెలుపలికి పోవలెను. పోవలసిన చోటును తెలుపు గుర్తు ప్రోటీను నిర్మాణములోనే యిమిడియుండును. ఈ సంగతిని కనుగొన్న గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమానము లభించినది. వెలుపలికి పోవలసిన ప్రోటీను మొదట అంతర్జీవద్రవ్యజాలములో ప్రవేశించును. అచ్చటినుండి పలుచని పొరసంచులలో గాల్జీ భాగమును చేరును. అచ్చట వేరుపరుపబడి, మరల సంచులలో కణపుటంచునకు పోయి బయటపడును.

ఈ మార్గము ఎట్లు తెలిసినది? అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున రాండీ షెక్మన్, ఆయన శిష్యుడు పీటర్ నోవిక్ లోపముగల ఈస్టు కణములను ఏరిరి. అవి 25 డిగ్రీల వేడిమిలో చక్కగా పెరుగును. 37 డిగ్రీలలో రవాణా నిలిచి, సరకు లోపలనే పేరుకొనును. 1980 నాటికి ఇట్టి జన్యువులను 23 గుర్తించిరి. సరకు ఏ మజిలీలో పేరుకొన్నదో చూచి, ఏ జన్యువు ఎచ్చట పనిచేయునో గ్రహించిరి. షెక్మన్ 2013లో మరి యిద్దరితోపాటు నోబెల్ బహుమానము నందెను. ఈ మార్గము నాధారము చేసికొనియే మధుమేహరోగులకు కావలసిన ఇన్సులిన్‌లో కొంతభాగమును నేడు ఈస్టుచేత తయారుచేయించుచున్నారు.

పై మాటలలో అన్యభాషాపదములు లేకపోలేదు. ఈస్టు, ప్రోటీను వంటివి మన వాక్యములో ఒదిగియే యున్నవి. పైచదువులకు ఇంగ్లీషు పారిభాషికపదములను నేర్వవలసినదే. ఆ పని మేమును చేయింపవలసినదే. కాని భావము గ్రహింపని బిడ్డకు పదము మార్చినంతమాత్రమున భావము తెలియదు.

తల్లిదండ్రులకు నా మనవి యిది. బిడ్డకు శాస్త్రములో మార్కులు తగ్గినంతనే భాషను నిందించి బడి మార్పకుడు. షెక్మన్ తన కణములను పరీక్షించినట్లు, బిడ్డ తెలివిడి ఎచ్చట ఆగినదో వెదకుడు. ఆపినది పదమా, భావమా, లెక్కయా, ప్రయోగమును కన్నులార చూడకపోవుటయా? ఆటంకము తెలిసినచో దానిని తొలగింపవచ్చును.

విద్యార్థులారా! నేడు నేర్చిన పాఠమును రాత్రి యింట అమ్మకు తెలుగులో చెప్పిచూడుడు. ఆమెకు బోధపడినచో ఆ పాఠము మీకు వచ్చినట్లే.