బియ్యం పంచి చేతులు దులుపుకున్నాం

కరోనా కాలంలో మన శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ఏం చేసిందని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. బియ్యం పంచాం. కూరగాయల సంచులు కట్టాం. చెన్నై వైపు నుంచి హైవే మీద నడిచొస్తున్న ఒడిశా, బెంగాల్ కూలీలకు పులిహోర పొట్లాలు, మంచినీళ్లు అందించాం. 2021లో రెండో విడత ముంచుకొచ్చినప్పుడు విదేశాల్లో ఉన్నవాళ్లకు ఫోన్లు చేసి ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు తెప్పించుకున్నాం. అన్నీ నిజాలే. ఫోటోలున్నాయి, ఫ్లెక్సీలున్నాయి.

మరి ఆ బియ్యం అందుకున్న ఇంట్లోనే డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల ఉంది. ఆ పిల్లకు ఏమిచ్చామంటే మాత్రం నోరు పెగలదు. ఇంటికి సాయం చేశాం, ఇంట్లో చదువుకునే మనిషికి ఇంకో అవసరం ఉంటుందని మనకు తట్టనే లేదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ఎచ్చెర్లలో, విజయనగరంలో, విశాఖలో చదివే పిల్లలు బ్యాగులు తగిలించుకుని ఇళ్లకొచ్చారు. అప్పటికి వాళ్ల నాన్నల్లో కొందరు హైదరాబాదులో, బెంగుళూరులో సెంట్రింగ్ పనుల దగ్గర చిక్కుకుపోయి ఉన్నారు. తీరంలోని ఊళ్లవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ రేవులో బోట్ల మీదే ఉండిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేలమంది ఏప్రిల్ ఆఖరుకు గానీ ఇంటిదారి పట్టలేదు. ఇంతలో క్లాసులు ఫోన్లోకి వచ్చేశాయి. ఇంటికి ఉన్న ఒక్క మంచి ఫోను నాన్న జేబులో, వెరావల్‌లో ఉంది. కొత్తది కొనాలంటే ఏడెనిమిది వేలు. రీచార్జికి నెలనెలా ఇంకో రెండు వందలు. ఆఖరి సంవత్సరం పరీక్షలు జరిగి తీరాలని యూజీసీ పట్టుబట్టింది, ఆగస్టు 28న సుప్రీంకోర్టు సరేనంది, మన దగ్గర సెప్టెంబరు, అక్టోబరుల్లో పరీక్షలు పెట్టేశారు. పరీక్ష ఫీజు, బస్సులు సరిగా తిరగని రోజుల్లో ఆటో కిరాయి, సెంటరున్న ఊళ్లో తలదాచుకోవడానికి నాలుగు రోజుల గది, పాత హాస్టల్ బకాయి. అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి.

లెక్క వేసి చూడండి. ఒక విద్యార్థి చదువు తెగిపోకుండా నిలబడటానికి అప్పుడు మూడు వేలో, అయిదు వేలో చాలేవి, ఫోను కూడా కొనాల్సి వస్తే పదివేలు. మన నరసన్నపేట బజారులో ఒక బంగారు హారం కొంటే తరుగు కింద పోయే సొమ్ము.

ఇలాంటి చిన్న సొమ్ముల కోసం అమెరికా చట్టంలోనే చోటు పెట్టింది. 2020 మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టంలో ఉన్నత విద్యకు దాదాపు 1,400 కోట్ల డాలర్లు కేటాయించారు. కాలేజీలకు నేరుగా వెళ్లిన వాటాలో కనీసం సగం, అంటే 600 కోట్ల డాలర్లకు పైగా, విద్యార్థుల చేతికే ఇచ్చి తీరాలన్నారు. తిండికి, గది అద్దెకు, వైద్యానికి, ఆన్‌లైన్ చదువు ఖర్చులకు. అది అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. అక్కడేదో రామరాజ్యం నడుస్తోందని చెప్పబోవడం లేదు. అక్కడి విద్యాశాఖ మొదట్లోనే విదేశీ విద్యార్థులను ఆ సాయం నుంచి తప్పించింది. పొలం తాకట్టు పెట్టి వెళ్లిన మన పిల్లలు ఆ తప్పించినవాళ్లలోనే ఉన్నారు. 2021 మే నెలలో గానీ వాళ్లకూ ఇవ్వవచ్చని నిబంధన మారలేదు. పైగా 2020 జులై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే అయితే విదేశీ విద్యార్థులు దేశం వదలాలని ఒక ఉత్తర్వు వచ్చింది. వారం తిరిగేసరికి వెనక్కి తీసుకున్నారనుకోండి. ఆ వారమంతా ఇక్కడ మనకు నిద్ర లేదు. టీవీలు చర్చలు పెట్టాయి. అక్కడి తెలుగు సంఘాలు పిల్లలకు సరుకులు, వసతి చూశాయి. చూడాల్సిందే. కానీ డల్లాస్‌లో గది అద్దె కట్టలేని అబ్బాయి మీద మనకు పుట్టిన దిగులు, తిలారు స్టేషను పక్క ఊళ్లో పరీక్ష ఫీజు కట్టలేని అమ్మాయి మీద ఎందుకు పుట్టలేదు?

దూరదేశం మాట వదిలేద్దాం. ఐఐటీ బాంబే ఆ ఏడాది జూన్‌లోనే తన పూర్వ విద్యార్థుల ముందూ, దాతల ముందూ చెయ్యి చాచింది. పేద విద్యార్థులకు లాప్‌టాప్‌లు, ఇంటర్నెట్ ఇవ్వడానికి అయిదు కోట్ల దాకా కావాలి, ఇవ్వండని అడిగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆర్థికంగా వెనకబడిన విద్యార్థులకు డేటా ఖర్చుల కోసం నెలకు వెయ్యి రూపాయల గ్రాంటు పెట్టింది. వెయ్యి రూపాయలతో పేదరికం పోదు, నెలంతా క్లాసు వినొచ్చు.

వాళ్లకు కోటీశ్వరులైన పూర్వ విద్యార్థులున్నారు, మనకెవరున్నారని అంటారేమో. ఈ ఊరి బళ్లలో, ఈ జిల్లా కాలేజీల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు ఇంటికొకరు లేరా? పదో తరగతి బ్యాచ్ పేరుతో వాట్సాప్ గ్రూపులున్నాయి. ఏటా కలుసుకుంటాం, పాత మేష్టార్లకు శాలువాలు కప్పుతాం, గ్రూప్ ఫోటో దిగుతాం, భోజనాలు బాగున్నాయనుకుని ఇళ్లకు పోతాం. 2020లో ఆ గ్రూపులన్నీ రాత్రింబగళ్లు మోగాయి. కషాయం ఎలా కాచాలి, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉంది, ఎవరు పోయారు. ఫలానా మన మేస్త్రీ కూతురు పరీక్ష ఫీజు కట్టలేదట అన్న కబురు ఎన్ని గ్రూపుల్లో తిరిగింది?

మనకో సాకు ఉంది, గట్టి సాకే. "గవర్మెంటు ఇస్తాది కదా, మనమేటి సేస్తాం?"

ఇచ్చిన మాట నిజమే. జగనన్న వసతి దీవెన 2020 ఫిబ్రవరి 24న మన పక్కనే విజయనగరంలో మొదలైంది. డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, ఐటీఐకి 10 వేలు, రెండు విడతలుగా తల్లి ఖాతాలోకి. ఏప్రిల్ 28న ఫీజుల కోసం విద్యా దీవెన వచ్చింది. వాటిని తీసిపారేసే మనిషిని కాను, అవి లేకపోతే డిగ్రీ గడప తొక్కి ఉండని ఇళ్లు మన మండలంలో ఎన్నో. కాకపోతే అవి మామూలు రోజుల కోసం అల్లిన పథకాలు. ఆదాయం లెక్క చూసేవారు, హాజరు 75 శాతం ఉండాల్సి వచ్చేది, జాబితా సచివాలయంలో అంటించేవారు, పేరు తప్పితే దిద్దించుకోవాల్సి వచ్చేది, ఆపైన ముఖ్యమంత్రి బటన్ నొక్కే రోజు రావాల్సి ఉండేది. 2020-21 చదువుకు సంబంధించిన వసతి దీవెన తల్లుల ఖాతాల్లో పడింది 2021 ఏప్రిల్ 28న, 10.89 లక్షల మందికి, 1,049 కోట్ల దాకా. కాలేజీలు తెరిచింది అంతకు ముందు నవంబరులో. ఆ మధ్య నెలల్లో ఫీజు కట్టలేక ఆగిపోయినవాడికి ఏప్రిల్ సొమ్ము ఎందుకు పనికొస్తుంది? ప్రభుత్వ సాయం రావడానికీ అవసరం పుట్టడానికీ మధ్య ఆ కొద్ది నెలలు మోయాల్సిన భుజం ఊరిది. ఆ భుజం మనం పెట్టలేదు.

ఇక 2020 డిసెంబరు 25న జీవో 77 వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవారికి ఫీజు, వసతి సాయం రెండూ ఆ విద్యా సంవత్సరం నుంచే లేవంది. మహమ్మారి నడిమధ్యలో. విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి. మనం ట్రాఫిక్ ఆగిందని విసుక్కున్నాం. అప్పటికి మన నియోజకవర్గం ఎమ్మెల్యే రాష్ట్రానికి ఉప ముఖ్యమంత్రి. ఆ హోదా వచ్చిన నాడు బొకేలు, దండలు పట్టుకుని వరస కట్టిన ఊరు మనది. జీవో మీద ఒక వినతిపత్రం పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్లు మనలో ఎందరు? పీజీ చదివే పిల్లలు తక్కువమంది, వాళ్ల ఓట్లు ఇంకా తక్కువ.

తిత్లీ తుపాను వచ్చినప్పుడు మనం ఇలా లేం. 2018 అక్టోబరు 11న ఆ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేస్తే కొవ్వొత్తులు, టార్పాలిన్లు, నీళ్ల డబ్బాలు బండ్లకెత్తుకుని పోయాం. ఎవరింటికని అడగలేదు, కాగితం చూపించమనలేదు. కూలిన కొబ్బరిచెట్టు రోడ్డు మీంచే కనబడుతుంది. చదువు మానేసిన కుర్రాడు మెడికల్ షాపులో పనికి కుదిరితే మనకు కనబడేది పనిమంతుడైన కుర్రాడే. భుజం తట్టి మెచ్చుకున్నాం కూడా.

మనం సాయం చేసే తీరులోనే ఒక లోపం ఉంది. ఇచ్చేవాడు కనబడాలి, పుచ్చుకునేవాడు ఇంకా బాగా కనబడాలి. ముసలమ్మ సంచి అందుకుంటూ ఫోటోకు నిలబడుతుందేమో, ఇరవై ఏళ్ల పిల్ల నిలబడదు. రేపు క్లాసులో ఆ ఫోటో అందరి ఫోన్లలో ఉంటుంది. విద్యార్థికి ఇచ్చే సాయం చడీచప్పుడు లేకుండా, ఒక్క లెక్చరరు మాట మీద, రెండు రోజుల్లో ఖాతాలో పడాలి. అలా ఇవ్వడానికి మనుషుల మీద నమ్మకం కావాలి. మన దగ్గర డబ్బు కంటే నమ్మకానికే ఎక్కువ కరువు.

వెనకటికి మన జిల్లాల్లో పేద కుర్రాళ్లు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం. ఆ కాలాన్ని తలుచుకుని మురిసిపోవడం మనకు మహా ఇష్టం. ఆ పీట అందరికీ పడలేదన్నది మాత్రం చెప్పుకోం. కులం చూసే విస్తరి వేసేవారు. ఆ అలవాటు పోయిందనుకుంటే పొరపాటు. కార్తీకమాసంలో వనభోజనాలకు కులానికో తోట, చందాలకు కులానికో రసీదు పుస్తకం. ఎవరైనా ధైర్యం చేసి పిల్లల ఫీజులకు చందా అడిగినా మొదటి మాట "మనవాళ్లెంతమందున్నారు" అనే వస్తుంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు సొంత డబ్బుతో చదువు చెప్పించారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి వాడుకభాష మీద ఉపన్యాసాలు దంచుతాం. ఆయన జేబులోంచి తీసిన రూపాయల ఊసెత్తం.

ఆడపిల్లల సంగతి రాయడానికి చెయ్యి ఆడటం లేదు. పెళ్లికి యాభైమంది మించకూడదన్న నిబంధన చాలా ఇళ్లకు వరంలా దొరికింది. ఖర్చు కలిసొస్తుంది, కాలేజీ ఎటూ లేదు, ముహూర్తం పెట్టేద్దామన్నారు. ఆ యాభైమందిలో మనమూ ఉన్నాం. మాస్కు పెట్టుకుని వెళ్లి అక్షింతలు వేసి, బీఎస్సీ ఏమయిందమ్మా అని ఒక్క మాట అడగకుండా వచ్చేశాం. ఆమె చదువును నిలబెట్టే అయిదు వేలు ఆ రోజు మనం చదివించిన కట్నాల్లోనే ఉన్నాయి.

2020 నవంబరులో, తెలంగాణ నుంచి ఢిల్లీ వెళ్లి చదువుకుంటున్న ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. లాప్‌టాప్ లేకపోవడం, రావాల్సిన స్కాలర్‌షిప్ రాకపోవడం ఆ వార్తల్లో ఉన్నాయి. చదివి అయ్యో అనుకున్నాం. ఎక్కడో జరిగిందనుకుని పేజీ తిప్పాం.

పథకాల్లో సందులు వేరే ఉన్నాయి. 2021 మేలో కేంద్రం పీఎం కేర్స్ కింద కరోనా అనాథలకు పథకం ప్రకటించింది, పద్దెనిమిదేళ్లు నిండనివారికి. అమ్మానాన్నలిద్దరినీ పోగొట్టుకున్న పందొమ్మిదేళ్ల డిగ్రీ విద్యార్థి ఆ లెక్కన పెద్దవాడు. చెల్లెలికి సాయం వస్తుంది, అన్నకు రాదు. అన్న చదువు మానేస్తేనే ఇద్దరికీ ముద్ద దిగుతుంది. పథకం గీసిన గీతకు ఇవతల ఎవరు పడిపోతున్నారో చూడాల్సింది పక్కింటివాళ్లం.

ఆ రెండేళ్లూ జిల్లాలో రోజూ ఎన్ని కేసులొచ్చాయో, ఎందరు కోలుకున్నారో సాయంత్రానికల్లా నోటికి చెప్పేవాళ్లం. చదువు వదిలేసినవాళ్లెందరని ఒక్క పూట కూడా లెక్కపెట్టలేదు. ఆ లెక్క పోయిందేమీ లేదు. 2019లో డిగ్రీలో చేరిన పిల్లల పేర్లూ, 2022లో ఆఖరి పరీక్ష రాసినవాళ్ల పేర్లూ కాలేజీ బీరువాల్లో ఉంటాయి. మొదటి జాబితాలో ఉండి రెండోదాంట్లో లేనివాళ్లకు ఇప్పుడు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు దాటి ఉంటాయి. ఆగిన చదువు మళ్లీ మొదలుపెట్టడానికి దూరవిద్య ఉంది. మొన్నటి పండగ చందాల్లో మిగిలిన సొమ్ము ఏం చెయ్యాలని కమిటీవాళ్లు మైకులో అడిగితే, ఆర్చి కట్టిద్దామని అందరం చేతులెత్తాం.